మూడు తెల్ల వేళ్ళు

శిలాజాల మరమ్మతు గది,
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. కోపం వచ్చి కాదు. నీ మీద కోప్పడాలంటే ముందు నీ ఉత్తరం చివరిదాకా చదవాలి, అందులో సగం ఎప్పుడూ వ్యాసమే.

ఇక్కడొక గొడవ జరిగింది. పత్రికలవాళ్ళ నోట వినేలోగా నేనే చెప్పడం మంచిది. మ్యూజియం మొదటి హాలు మధ్యలో ఉండే శిలాజం గుర్తుంది కదా, సగం చేప, సగం బల్లి. నీళ్ళలోంచి గట్టెక్కిన మొదటివాళ్ళలో ఒకడని నువ్వు ఇక్కడ పనిచేసే రోజుల్లోనే దానికి పాకుడాయన అని పేరు పెట్టారు. ఇప్పటికీ అదే పేరు. పోయిన బుధవారం మా ప్రార్థనామందిరం వాళ్ళు పాతికమంది చూడడానికి వచ్చారు. ముందు సంఘపెద్ద, వెనక మందంతా. ఎవరిదో చేతిసంచి తగిలి పాకుడాయన ఎడమ ముందుకాలి మధ్యవేలు పెచ్చు ఊడింది. పైన రాయిరంగు, లోపల తెల్లటి ప్లాస్టర్.

సంఘపెద్ద ఆ పెచ్చుని జేబురుమాల్లో చుట్టుకుని, "ఇదేనా మీ సాక్ష్యం?" అన్నాడు, హాలంతా వినబడేలా. మర్నాటికి కరపత్రం వచ్చేసింది. ఐదు వేళ్ళలో మూడు బొమ్మవేనని, రంగు పూసి ఇన్నేళ్ళూ పిల్లల కళ్ళు కప్పారని. చూస్తే మూడు నిజంగానే బొమ్మవి. రిజిస్టరులో ఆ వేళ్ళకి మరమ్మతు చేసినట్టు ఒక్క ముక్క లేదు.

క్యూరేటరమ్మ రంగు నమూనా పరీక్షకి పంపింది. విచారణ వేస్తుందట. నువ్వు ఈ గదిలో ఆరేళ్ళు పనిచేశావు. ఏమైనా గుర్తుంటే రాయి.

అమ్మ మోకాలు అలాగే ఉంది. అడిగానని చెప్పమంది, నువ్వు అడగకపోయినా.

చెల్లెలు


మూడో అంతస్తు గది,
ఫిబ్రవరి 27

చెల్లాయ్,

వ్యాసం అన్నావు కాబట్టి వ్యాసమే రాస్తాను.

మూడు వేళ్ళు ప్లాస్టర్‌వైతే ఏమైంది? ప్రపంచం వయసు కరిగిపోయి ఆరువేల ఏళ్ళకి దిగిపోయిందా? గోడలో ఒక ఇటుక నకిలీదని తేలితే ఊళ్ళో ఇళ్ళన్నీ కల అంటామా? గ్రంథంలో తాతల వయసులు, ముత్తాతల వయసులు కూడి సృష్టికి పుట్టినరోజు కట్టినవాళ్ళు మనకి సాక్ష్యాల గురించి పాఠం చెప్పడం! ఒక పెద్దమనిషి ఓడ కట్టి జంతువులన్నిటినీ జతలు జతలుగా ఎక్కించాడన్నది కథగా చెప్పు, కూర్చుని వింటాను, కన్నీళ్ళు కూడా పెట్టుకుంటాను. ఫలానా ఏట, ఫలానా కొండ మీద ఆగిందని రిజిస్టరు రాస్తే మాత్రం రసీదు చూపించమంటాను. పాట పాటే, పంచనామా పంచనామానే. పాటని పట్టుకొచ్చి పోలీసు స్టేషన్లో నిలబెట్టేవాళ్ళే పాటకి మొదటి శత్రువులు.

ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. ఏప్రిల్ పద్దెనిమిదిన పాఠశాలల బోర్డు ముందు వాదన ఉంది. ఏడో తరగతి చరిత్ర పుస్తకంలో జలప్రళయాన్ని జరిగిన సంగతిగా చేర్చాలని మీ సంఘపెద్ద అర్జీ. మా వైపు మాట్లాడేది నేను. సరిగ్గా ఆ వాదనకి ముందు ఆ పెచ్చు ఊడడం చేతిసంచి మహిమేనంటావా?

మీ క్యూరేటర్‌తో ఫోన్లో మాట్లాడాను. రంగు వయసు పన్నెండేళ్ళకి మించదని పరీక్షలో తేలిందట. నేను ఆ గది వదిలి ఇరవై ఆరేళ్ళయింది. నా కాలంలో అంతా గదిపెద్ద సూదిమామ అదుపులో ఉండేది, నాకు గుర్తున్నది అంతే. కాబట్టి ఇది ఈమధ్య ఎవరో లోపలివాళ్ళే చేసిన పని. మనల్ని నవ్వులపాలు చెయ్యడానికే. పత్రికలో నేను రాసే శీర్షికలో అదే రాశాను, కత్తిరించి పంపుతున్నాను. గీత గీసిన వాక్యం చూడు, ఆ దెబ్బకి వాళ్ళు తలెత్తలేరు: "శత్రువు గోడ దూకి రాలేదు. పొద్దున సూది పట్టుకుని సాయంత్రం మోకరిల్లే చెయ్యి ఒకటి లోపలే ఉంది."

నువ్వు కళ్ళు తెరిచి ఉంచు. ఎవరి మీదైనా అనుమానం కలిగితే రాయి.

అన్నయ్య


ఇంటి నుంచి,
మార్చి 6

అన్నయ్యా,

పై చిరునామా చూశావుగా. నన్ను గదిలోకి రానివ్వడం లేదు.

నీ కత్తిరింపు నాకు చేరడానికి రెండు రోజుల ముందే క్యూరేటరమ్మకి అందింది. విచారణలో పైకి చదివింది. బాగా చదివింది, కామాల దగ్గర ఆగుతూ. చదివాక కళ్ళజోడు తీసి నా వైపు చూసింది.

మరమ్మతు గదిలో మేం ముగ్గురం. ఒకాయన దేవుణ్ణి నమ్మడు, మనుషుల్నీ నమ్మడు, అన్నం డబ్బాకి తాళం వేసుకుంటాడు. రెండో ఆవిడ సాయంత్రాలు సంగీతం చెబుతుంది, మోకరిల్లే తీరిక లేదు. మిగిలిందెవరో లెక్కపెట్టు. నీకు వేళ్ళు సరిపోతాయి.

శిలాజాలు శుభ్రం చేసే నా సూదుల డబ్బా, బల్ల తాళంచెవి తీసుకున్నారు. ఏప్రిల్ ఇరవైన తీర్పు. శిలాజానికి కావాలని మచ్చ తెచ్చానని తేలితే ఉద్యోగం పోతుంది. పదమూడేళ్ళ తర్వాత ఇంకో మ్యూజియం గడప కూడా ఎక్కనివ్వరు.

నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. జనవరిలో నేనే సంఘపెద్ద దగ్గరికి వెళ్ళాను. పాకుడాయన పడుకున్న రాతిపలకని తొమ్మిదేళ్ళుగా శుభ్రం చేస్తున్నాను కదా. ఆ పలక పక్కనుంచి చూస్తే పొరలు. నలభై ఒక్క పొరలు లెక్కపెట్టాను. ప్రతి పొర పైనా బురద ఎండి బీటలు వారిన గుర్తులున్నాయి, ఎండిన చెరువులో ఉంటాయే, అలాంటివి. కొన్నిటి మీద పురుగులు పాకిన జాడలు. "అయ్యా, ఇదంతా ఒక్క ప్రళయంలోనే పేరుకుందంటున్నారు. ప్రళయం మధ్యలో నలభై ఒక్కసార్లు బురద ఎలా ఎండింది? పురుగు తీరిగ్గా ఎలా షికారు చేసింది?" అని అడిగాను. నేను ఎగతాళికి అడగలేదు. ఆ గ్రంథం నాకు అన్నం లాంటిది. అన్నంలో రాయి తగిలితే చెప్పాలి కదా. ఆయన కళ్ళు మూసుకుని నా కోసం ప్రార్థన చేశాడు. మరుసటి వారం నుంచి మందిరంలో నేను గ్రంథం చదివే వంతు తీసేశాడు.

అక్కడ అవిశ్వాసిని, ఇక్కడ భక్తురాలిని. రెండు చోట్లా నాకున్నవి ఇవే చేతులు.

ఒక్కటి అడుగుతాను. ఆ వాక్యం రాసేటప్పుడు నేను నీకు గుర్తు రాలేదా?

చెల్లెలు


మూడో అంతస్తు గది,
మార్చి 13

చెల్లాయ్,

గుర్తు రాలేదు. ఇంతకంటే సిగ్గుమాలిన నిజం నా దగ్గర లేదు.

నువ్వు మందిరానికి అమ్మ కోసం వెళ్తున్నావనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. అమ్మకి మోకాలు నొప్పి, చెయ్యి పట్టుకునే తోడు కావాలి, అందుకని చెల్లెలు వెళ్తోంది అని. నువ్వు నిజంగా మోకరిల్లుతావని, లేచాక కూడా మోకరిల్లినట్టే ఉంటావని నాకెప్పుడూ తట్టలేదు. లోకంలో నమ్మేవాళ్ళందరి గురించీ పుస్తకాలు రాశాను. పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషిని మాత్రం అడగలేదు.

క్యూరేటర్‌కి ఉత్తరం రాశాను. ఆ వాక్యం ఎవరినీ ఉద్దేశించి రాసింది కాదని, నా చెల్లెలి నిజాయితీకి నేను పూచీ అని. నాకు తెలుసు, చెంప పగలగొట్టి, చెయ్యి గాలికి ఊగింది అన్నట్టుంటుంది. అయినా రాశాను.

ఆ బీటల బురద సంగతి చాలా గట్టి వాదన. నాకు ముందే చెప్పవలసింది. సంఘపెద్దకి చెప్పి వృథా చేశావు. నేనైతే బోర్డు ముందు దాంతో వాళ్ళని నిలువునా కడిగేసేవాణ్ణి. ఇప్పటికైనా వాడుకోవచ్చా?

ఒక సలహా. విచారణలో రంగు గురించే మాట్లాడు. పన్నెండేళ్ళలో ఆ హాల్లోకి ఎవరెవరు వెళ్ళారో జాబితా అడుగు. ఆ ప్లాస్టర్ ఎవరు ఎప్పుడు పెట్టారన్న పాతగోతులు తవ్వడం వల్ల ఎవరికీ ఒరిగేది లేదు. సూదిమామ పోయాడు, పాత మనుషులెవరూ లేరు. దాని జోలికి పోవద్దు.

అన్నయ్య


ఇంటి నుంచి,
మార్చి 20

అన్నయ్యా,

మ్యూజియం వాళ్ళు రంగు గురించి అడిగారు. పత్రికలు రంగు గురించి అడిగాయి. సంఘపెద్ద కూడా రంగునే పట్టుకున్నాడు. ప్లాస్టర్ గురించి బెంగపడ్డది ఇంతవరకూ నువ్వొక్కడివే.

ఇక దాగుడుమూతలు చాలు. నాకు తెలుసు.

సూదిమామ తన చివరి ఏడాది నాకూ పని నేర్పాడు. ఆయన మొదటి పాఠం నీకూ చెప్పే ఉంటాడు: నింపిన చోటు మూడడుగుల నుంచి చూస్తే కలిసిపోవాలి, మూడంగుళాల నుంచి చూస్తే విడిపోవాలి. అంటే రంగు ఒక పిసరు లేతగా ఉంచాలి, ఏది ఎముకో ఏది మన చేతిపనో అడిగినవాడికి కనబడాలి. రెండో పాఠం: రంగు పూసే ముందు, ప్లాస్టర్ అడుగున పెన్సిల్‌తో తేదీ, తన గుర్తు వేసుకోవాలి. రేపు ఎవరైనా ఊడదీస్తే ఈ పని ఫలానావాడిదని తెలియాలి. దొంగతనం చేసినా చిరునామా పెట్టి చెయ్యండిరా, అనేవాడు కదా.

నేను చేరిన ఏడాదే వానాకాలంలో హాలు గోడ చెమ్మెక్కి పాకుడాయన వేళ్ళ మీద రంగు పొక్కింది. చూడమని నన్ను పంపారు. మధ్యవేలు కదిలి చేతికొచ్చింది. తిప్పి చూస్తే అడుగున తేదీ, పక్కన ఒంటికాలి పిట్ట.

ఆ పిట్టని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. చిన్నప్పుడు నీ పెన్సిళ్ళన్నిటి మీదా బ్లేడుతో చెక్కుకునేవాడివి, నేను తీసుకోకుండా. నేను తీసుకుని దానికి రెండో కాలు చెక్కి నాదే అనేదాన్ని. అమ్మ దగ్గర ఎన్ని పంచాయితీలో.

అప్పుడే వెళ్ళి చెప్పవలసింది. రిజిస్టరులో రాయవలసింది. నీ "ఐదు వేళ్ళ సాక్ష్యం" పుస్తకం అప్పటికి నాలుగోసారి అచ్చయింది, అట్ట మీద ఆ పాదమే. ఆ వారమే నీకు సన్మానం. నేను వేలిని మళ్ళీ అతికించి, నువ్వు పూసినట్టే, టీ డికాక్షన్ కలిపిన రంగు పూసేశాను. నీ పనికంటే బాగా కుదిరింది. పన్నెండేళ్ళ రంగు అదే. నాదే.

విచారణలో నేను పూశానని ఒప్పుకున్నాను. ఎందుకు పూశావంటే చెమ్మకి పొక్కితే పూశానన్నాను. అడుగున ఏముందో చెప్పలేదు.

చెల్లెలు


మూడో అంతస్తు గది,
మార్చి 27

చెల్లాయ్,

ఏడు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను. వాదించడానికి ఎదురుగా ఎవరూ లేకపోతే నాకు రాయడం రాదని ఇప్పుడే తెలిసింది.

ఆ వేళ్ళు నేనే చేశాను. హాలు ప్రారంభానికి పది రోజులుంది. సూదిమామ జ్వరంతో ఇంట్లో పడ్డాడు. పాకుడాయన ఎడమపాదంలో రాతిలో దొరికినవి రెండు వేళ్ళే. కుడిపాదం రాతితో పాటే పోయింది, చూసి చెయ్యడానికి నమూనా లేదు. రెండు వేళ్ళు పెట్టి, మిగతాది తెలియదని వదిలెయ్యడమే పద్ధతి. నాకు ఇరవై మూడేళ్ళు. రెండు వేళ్ళు చూపిస్తే ఎవడు నమ్ముతాడు అనిపించింది. నిజం ఎలాగూ నాకు తెలుసు, చూసేవాళ్ళకి కాస్త సాయం చేస్తే తప్పేంటి అనుకున్నాను. ఎడమచెయ్యి బల్ల మీద పరుచుకుని, దాన్ని చూస్తూ మిగతా మూడు చేశాను. ఐదు ఎందుకంటే నా చేతికి ఐదున్నాయి కాబట్టి.

దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని రాసుకున్నవాళ్ళని జీవితమంతా వెక్కిరించాను. నేను చేసింది సరిగ్గా అదే. బురదకి బదులు ప్లాస్టర్.

ఇంకా ఉంది. నువ్వు చేరకముందే, వేరే చోట ఇదే జాతి జంతువు పాదం పూర్తిగా దొరికింది. పత్రికలో చదివాను. ఏడు వేళ్ళు. ఐదు కాదు, ఏడు. ఆ పేజీ తిప్పేసి కింద ఉన్న వేరే వార్త చదివాను. ఏం వార్తో ఇప్పటికీ గుర్తుంది, వంతెన మరమ్మతు గురించి. నా పుస్తకం ఆ తర్వాత మూడుసార్లు అచ్చయింది. రంగు పన్నెండేళ్ళదని మీ క్యూరేటర్ చెప్పగానే నాకు ఊపిరి వచ్చింది. నాది కాదు అనుకున్నాను. ఆ ఊపిరితోనే ఆ వాక్యం రాశాను. ఎంత కోపంగా రాస్తే అంత నాది కాకుండా పోతుందనిపించింది.

ఇప్పుడు అడగకూడనిది అడుగుతున్నాను. బోర్డు వాదన పద్దెనిమిదిన. నీ తీర్పు ఇరవైన. మధ్యలో ఒక రోజుంది. పద్దెనిమిది దాటనీ. పందొమ్మిదిన నేనే వచ్చి క్యూరేటర్ ముందు అంతా చెబుతాను. ముందే చెబితే ఆ పాఠం పుస్తకంలోకి వచ్చేస్తుంది, లక్షమంది పిల్లలు ప్రళయాన్ని తారీఖులతో బట్టీ పడతారు. నేనొక్కణ్ణి చేసిన తప్పుకి వాళ్ళెందుకు బలి కావాలి? అంతవరకూ నోరు విప్పకు.

అన్నయ్య


ఇంటి నుంచి,
ఏప్రిల్ 2

అన్నయ్యా,

సరే. విప్పను. నాకు అలవాటే.

నాన్న ప్రళయం అధ్యాయం చదివేటప్పుడు ప్రతిసారీ ఒక చోట ఆగేవాడు, గుర్తుందా? నీళ్ళు పైకి లేచి ఊపిరి ఉన్నవన్నీ చచ్చిపోయాయన్న చోట. వేలు ఆ వాక్యం మీద పెట్టి, "ఇక్కడ నాకు తెలియదు" అని, ముందుకి వెళ్ళేవాడు. నీకు పద్నాలుగేళ్ళప్పుడు ఆ మాటకి పకపకా నవ్వావు. "తెలియకపోతే మరి ఎందుకు చదువుతున్నావు నాన్నా" అన్నావు. నాన్న తర్వాతి వాక్యం చదివాడు. ఆ రోజు నువ్వే గెలిచావని ఇల్లంతా అనుకుంది.

పోయిన నెల పని లేని తీరికలో ఆ పాత గ్రంథం తీశాను. ఆ వాక్యం దగ్గర కాగితం పలచబడిపోయింది, వేలు పెట్టీ పెట్టీ. అమ్మని అడిగాను, నాన్నకి అంత అనుమానమా, కొండలు మునిగేటంత నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయనా అని. అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నీళ్ళ గురించి కాదే. ఓడ ఎక్కని పిల్లల గురించి" అంది.

నాన్న తెలియని చోటు తెల్లగా వదిలాడు. నువ్వూ నేనూ రంగు పూశాం.

లక్షమంది పిల్లల గురించి రాశావు. ఇరవై ఆరేళ్ళుగా ఆ హాల్లో ఎంతమంది పిల్లలు కూర్చుని నీ ఐదు వేళ్ళు బొమ్మ గీసుకున్నారో, అది కూడా ఒకసారి లెక్కకట్టు.

పద్దెనిమిదిన బాగా మాట్లాడు.

చెల్లెలు


బస్టాండు పక్క లాడ్జి,
ఏప్రిల్ 19

చెల్లాయ్,

పందొమ్మిదిదాకా ఆగలేకపోయాను.

ముందు మీ సంఘపెద్ద మాట్లాడాడు. జేబురుమాలు విప్పి పెచ్చు బల్ల మీద పెట్టాడు. బాగానే మాట్లాడాడు, నేను అనుకున్నంత మూర్ఖుడు కాదు. "వీళ్ళు ఎముకలకి రంగు వేస్తారు, మేం గ్రంథానికి వెయ్యం" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

నా వంతు వచ్చింది. ముప్ఫై పేజీల ప్రసంగం చేతిలో ఉంది. మొదటి వాక్యం నీకు చెప్పను, సిగ్గేస్తుంది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఆ వేళ్ళు నేను చేశాను" అన్నాను. తేదీ చెప్పాను. నా చెయ్యి పైకెత్తి, ఎలా చూసి చేశానో చెప్పాను. ఏడు వేళ్ళ సంగతి చెప్పాను, పేజీ తిప్పేసిన సంగతి కూడా. పన్నెండేళ్ళ కిందట నా చెల్లెలు అది చూసి నా కోసం దాచిందని, ఆమెని లోపలి శత్రువని రాసింది నేనేనని చెప్పాను.

హాలు నిశ్శబ్దమైపోలేదు, కథల్లో అలా అవుతుంది. గోలగోలగా అయింది. మనవాళ్ళలో ఒకాయన నా చొక్కా వెనక నుంచి లాగి "కూర్చోవయ్యా, కొంప ముంచావు" అన్నాడు.

బోర్డులో ఒకావిడ, లెక్కల టీచరట, అడిగింది: "ఇన్నేళ్ళు అబద్ధం చెప్పారు కదా. ఇప్పుడు మిమ్మల్నెందుకు నమ్మాలి?"

"నన్ను నమ్మకండి" అన్నాను. "నన్ను నమ్మవలసిన అవసరం లేకపోవడమే ఈ పనిలో మంచి. నేను ఐదన్నాను, ఎక్కడో రాతిలోంచి ఏడు బయటికొచ్చి నన్ను పట్టించింది. ఆయన తప్పుగా చదివితే ఆయన్ని పట్టించేది ఏముందో ఆయన్ని చెప్పమనండి. అది చెప్పలేని పాఠాన్ని చరిత్ర పుస్తకంలో పెట్టకండి."

తర్వాత నీ నలభై ఒక్క పొరలు చెప్పాను. నా వాదనగా కాదు. తొమ్మిదేళ్ళు ఆ రాయిని సూదితో శుభ్రం చేసిన మనిషి మాట అని, ఆ మనిషి సాయంత్రం మోకరిల్లుతుందని చెప్పాను. సంఘపెద్ద తల దించుకున్నాడు. ఆయనకి నువ్వు ముందే చెప్పావన్న సంగతి నేను బయటపెట్టలేదు. అది నీ సంగతి, ఆయన సంగతి.

నిర్ణయం వాయిదా వేశారు. ఈ ఏటికి పాఠం రాదు, వచ్చే ఏడు చూస్తారట. గెలిచామో ఓడామో తెలియదు. మనవాళ్ళెవరూ నాతో టీ తాగడానికి రాలేదు. ఒక్క రోజు ఆగితే ఏం పోయేది అని ఒకడు అడిగాడు. ఆ మాట అంతకుముందు నేనే అన్నాను కాబట్టి వాడి మీద కోపం రాలేదు. శీర్షిక ఇంక వద్దని పత్రిక నుంచి కబురొచ్చింది.

మీ క్యూరేటర్‌కి అంతా రాసి సంతకం పెట్టి, పొద్దున చేతికే ఇచ్చాను. నీకు కాగితాల మీద క్షమాపణ రాయడం నాకు చేతకావడం లేదు. రాస్తే వ్యాసమైపోతుంది.

అన్నయ్య


ఇంటి నుంచి,
మే 11

అన్నయ్యా,

ఉద్యోగం పోలేదు. రిజిస్టరులో రాయకుండా రంగు పూసినందుకు మూడు నెలలు సూది ముట్టకూడదు. న్యాయమే. ఎందుకు దాచావని క్యూరేటరమ్మ అడిగింది. అన్నయ్య అన్నాను. ఆవిడకీ ఒక అన్నయ్య ఉన్నాడట, ఇంకేమీ అడగలేదు. నిన్ను మాత్రం మరమ్మతు గది గడప తొక్కనివ్వొద్దని బోర్డు పెట్టారు. అన్నం డబ్బా ఆయన రోజూ దాన్ని చదివి నవ్వుకుంటున్నాడు.

సంఘపెద్ద చదివే వంతు తిరిగి ఇస్తానన్నాడు, సైన్సు గుట్టు రట్టయిందని. అది సైన్సు గుట్టు కాదు, మా ఇంటి గుట్టు అన్నాను. ఆ అధ్యాయం చదివితే నాన్న ఆగిన చోట నేనూ ఆగుతాను, ఒప్పుకుంటే చదువుతానన్నాను. ఆలోచిస్తున్నాడు.

శిక్ష మొదలయ్యే ముందు ఒక్క పని నా చేతే చేయించారు. నువ్వు చేసిన మూడు వేళ్ళూ తీసేశాను. ఇప్పుడు పాకుడాయనకి ఎడమవైపు రెండే వేళ్ళు. పక్కన ఖాళీ రాయి. కింద చీటీ: "మిగతా వేళ్ళు దొరకలేదు." నీకైతే ఈ మూడు మాటలు సరిపోవని నాకు తెలుసు. చీటీకి అంతే చోటుంది.

హాల్లో జనం ఇప్పుడు ఆ ఖాళీ దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు.

వేళ్ళు పారెయ్యమన్నారు. నాకు మనసొప్పలేదు, దూదిలో చుట్టి పంపుతున్నాను. పైన రంగు గీకేశాను. మధ్యవేలు అడుగున మాత్రం గీకలేదు. అది నువ్వే గీక్కో. గట్టిగా గీకకు, పెన్సిల్ చెరిగిపోతుంది.

చెల్లెలు


మూడో అంతస్తు గది,
మే 17

చెల్లాయ్,

పార్సిల్ అందింది. మూడింటినీ బల్ల మీద వరసగా పెట్టుకున్నాను. ఇంత చిన్నవా అనిపించింది. పుస్తకం అట్ట మీద పెద్దగా కనబడేవి.

నువ్వు చెప్పినట్టే గట్టిగా గీకలేదు. తడిగుడ్డతో, తర్వాత సూదితో. సూది పట్టి ఇరవై ఆరేళ్ళయింది. మొదట నా తేదీ వచ్చింది. తర్వాత నా పిట్ట.

దానికి రెండు కాళ్ళున్నాయి.

రెండో కాలు పక్కన ఇంకో తేదీ ఉంది, పన్నెండేళ్ళ కిందటిది. చిన్నగా, నీ చేతిరాత. నువ్వు నా తప్పుని దాచిపెడుతూ కూడా, సూదిమామ చెప్పినట్టు, దాచింది నువ్వేనని సంతకం పెట్టావు. నన్ను కాపాడే పూతకింద నిన్ను పట్టించే గుర్తు పెట్టుకుని పన్నెండేళ్ళు ఆ హాల్లో నడిచావు. విచారణలో ఎవరైనా ఆ వేలు తిప్పి గీకి ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం. ఆ సంగతి నాకు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు.

చిన్నప్పుడు నువ్వు రెండో కాలు గీస్తే అమ్మ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి, నా పెన్సిలు తనదంటోందని. ఇప్పుడు ఎక్కడికి పరిగెత్తాలో నాకు తెలియడం లేదు.

ఆదివారం వస్తాను. మందిరంలో నీకు చదివే వంతు ఇస్తే చివరి బెంచీలో కూర్చుంటాను. నమ్మి కాదు, నాకు నమ్మకం లేదు, అది నీకూ తెలుసు. నాన్న వేలు పెట్టిన చోట నువ్వు ఆగుతావు కదా. ఈసారి అక్కడ నవ్వకుండా కూర్చోవాలి.

అన్నయ్య